క్రైస్తవ చారిత్రక నవల రాయాలనుకుంటున్నారా? దొరను కాదు, ఉపదేశిని వెతకండి

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. "అన్నా, మన మిషనరీల మీద ఒక నవల రాయాలని ఉంది, ఎట్ల మొదలుపెట్టాలె? ఉద్యోగం మానెయ్యాల్నా?" రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తా: మానెయ్యొద్దు. తెలుగులో క్రైస్తవ చారిత్రక నవలలు రాసి ఇల్లు గడుపుతున్న మనిషి నాకైతే ఇంతవరకు తగల్లేదు. నేను మెట్టుగూడలో ఉంటా, రాయదుర్గంలో ఉద్యోగం, పోనూ రానూ మెట్రోలోనే, ఆ ప్రయాణంలో ఫోన్లో గీకిన ముక్కల్లోంచి రెండు నవలలు బయటికొచ్చాయి, ఒక్కోదానికి నాలుగేళ్ళు పట్టింది. మూడోది ఇప్పుడు సగంలో ఆగి ఉంది. కాబట్టి ఇది పండితుడి ఉపన్యాసం కాదు, దెబ్బలు తిన్నవాడు చెప్పే మాట అనుకోండి.

మొదటి ప్రశ్నకు జవాబు పెద్దది.

కథ ఎవరిది?

అందరూ దొరతోనే, అంటే తెల్ల మిషనరీతోనే మొదలుపెడతారు. ఓడ దిగుతాడు, జ్వరం తగులుతుంది, బిడ్డను పరాయి మట్టిలో పాతిపెడతాడు, అయినా వెనక్కి పోడు, ఆఖర్న వేలమంది బాప్తిస్మానికి ఏట్లో దిగుతారు. ఇదంతా మనం సండే స్కూల్లోనే విన్నాం. పైగా దొరల కథ దొరలే రాసుకున్నారు, దొరసానులు రాశారు, వాళ్ళను పంపిన మిషన్ బోర్డులు ఏటేటా అచ్చు వేశాయి. అందులో మీరు కొత్తగా కలిపేది ఏమంత ఉండదు. ఆ రిపోర్టుల్లోనే "మా ఉపదేశి ఒకడు ఆ ఊరు వెళ్ళి వచ్చాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన మనిషి ఒకడుంటాడు చూడండి, ఉపదేశి అంటే ఊళ్ళలో వాక్యం చెప్పే మన తెలుగు బోధకుడు, నవల అతనిది.

ఒక ఉదాహరణ చెప్తా. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె తెలియని తెలుగు బాప్టిస్టు ఉండడు, ఆ అంకె చెప్పగానే నోటికొచ్చే పేరు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. కానీ ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, ఒక జత అలసిపోతే ఇంకో జత దిగి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఆ ఆరుగురిలో ఒకడి పక్కన నిలబడండి. మనిషిని వెనక్కి వంచి మళ్ళీ లేపాలి, అది కొన్ని వందలసార్లు, కరువు తిని ఎముకలు తేలిన ఒళ్ళు కొన్ని, బాలింతలు, ముసలివాళ్ళు, నీళ్ళంటే భయపడి గట్టిగా పట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నానికి భుజాలు ఏమై ఉంటాయి? రాత్రి ఇంటికొచ్చి భార్యతో మొదట ఏ మాట అని ఉంటాడు? నాకు తెలిసి ఈ ప్రశ్నకు ఏ రిపోర్టులోనూ జవాబు లేదు. అక్కడే మీకు చోటుంది.

అదే ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. మాదిగ ఇంట్లో పుట్టి, క్లౌ ఒంగోలు చేరకముందే యోగం నేర్పే గురువుల చుట్టూ తిరిగి, తర్వాత క్రీస్తును నమ్మి, ఊరూరా నడిచి చెప్పినవాడు. అంటే దేవుణ్ణి వెతకడం దొర వచ్చాకే మొదలు కాలేదు, అప్పటికే ఆ మాదిగవాడల్లో వెతుకులాట ఉంది. ఈ ఒక్క సంగతి లోపలికి దిగితే మీ నవల దారే మారిపోతుంది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన «వైల్ సూయింగ్ శాండల్స్» అనే ఇంగ్లీషు పుస్తకంలో ఇలాంటి మనుషుల సంగతులు దొరుకుతాయి, అది ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితం. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, అది కూడా దొరసాని చెవితో విన్న కథే.

మీ కాళ్ళు నడవగల నేల

ఒంగోలు గొప్పదే, కానీ మీరు హైదరాబాద్‌లో ఉంటే హైదరాబాద్ చుట్టుపక్కల మొదలుపెట్టండి. కారణం భక్తి కాదు, బస్సు చార్జీలు. ఒక్కో సీను కోసం నాలుగుసార్లు వెళ్ళి చూడాల్సి వస్తుంది, ఎండాకాలం ఒకసారి, వానల్లో ఒకసారి, పండగనాడు ఒకసారి, ఎవరూ లేని మామూలు మంగళవారం ఒకసారి.

మెదక్ చర్చినే తీసుకోండి. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో వచ్చాడు, మొదట సికింద్రాబాద్‌లో సిపాయిల మధ్య పనిచేసి, తర్వాత మెదక్ వైపు వెళ్ళాడు. చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు, గోపురం 175 అడుగులు. కరువు రోజుల్లో ఊరికే దానం చేసే బదులు పని పెట్టి తిండి గింజలు ఇవ్వాలని దాన్ని కట్టించారని చెప్తారు. మా నాయనమ్మ వాళ్ళ నాన్న చిన్నప్పుడు అక్కడ రాళ్ళు మోశాడట. ఆమె ఎప్పుడూ గోపురం గురించి చెప్పేది కాదు, సాయంత్రం గింజలు కొలిచేవాడి చెయ్యి గురించి చెప్పేది, వాడు శేరు కొలిచేటప్పుడు బొటనవేలు లోపల పెట్టేవాడట. నా మొదటి నవల ఆ బొటనవేలి నుంచే మొదలైంది. మీ ఇంట్లోనూ ఇలాంటి వేలు ఒకటి ఉంటుంది, ముసలివాళ్ళు ఉండగానే అడగండి.

డోర్నకల్ కూడా అప్పటి నిజాం రాజ్యంలోదే. తమిళనాడు నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు, ఆయన కట్టించిన కేథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు, అందులో గుడి పోలికలూ మసీదు పోలికలూ రెండూ కనిపిస్తాయి. నల్లవాడు బిషప్పైతే తెల్ల మిషనరీలు ఆయన ముందు మోకరించాలి కదా, ఆ మొదటి ఆదివారం గుడిలో గాలి ఎలా ఉండి ఉంటుందో చాలాసార్లు ఆలోచించా, ఇంకా రాయలేదు, ఎవరైనా రాస్తే సంతోషం.

సిటీలోనే కావాలంటే 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద ఉంది. 1813 నాటి సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి, దాని చుట్టూ కంటోన్మెంటు, తెల్ల సిపాయిలు, వాళ్ళ బట్లర్లు, ఆయాలు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమండ్ ఉన్నాడు. కోస్తా వైపు చుట్టాలుంటే అక్కడి మిషనరీలున్నారు, గుంటూరులో 1842లో దిగిన ఫాదర్ హేయర్, 1883లో వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్, మచిలీపట్నంలో 1843లో బడి పెట్టిన నోబుల్. ఇంకా వెనక్కి పోతే జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1740లలో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు రాని కంపోజిటర్లు తెలుగు అచ్చులు పేరుస్తున్న ఆ గదిని ఊహించుకోండి చాలు.

ఒకటి మాత్రం వద్దు. వందేళ్ళ సంఘ చరిత్ర మొత్తం ఒక నవలలో కుక్కకండి. ఒక కరువు, ఒక కట్టడం, ఒక తగాదా. అంతే.

ఎక్కడ వెతకాలి

మిషన్ రిపోర్టులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడు. పాస్నెట్‌ను పంపిన మెథడిస్టు మిషన్ పాత కాగితాలు లండన్‌లో సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి, మనం అంత దూరం పోలేం గానీ బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌కు ఒక రాత్రి రైలు ప్రయాణం చాలు. సిటీలో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల లైబ్రరీ, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. చివరిది కమ్యూనిస్టు నాయకుడి పేరు, అది చూసి కొందరు విశ్వాసులు కనుబొమ్మలు ఎగరేస్తారు, ఎగరేయనివ్వండి, పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు అక్కడ దొరికినట్టు చాలాచోట్ల దొరకవు. ఆదివారం మధ్యాహ్నం అబిడ్స్ ఫుట్‌పాత్ కూడా వదలకండి. ఒకసారి ఎవరో చనిపోయిన పాస్టరుగారి పెట్టె మొత్తం అక్కడ పరిచి ఉంది, పాత పాటల పుస్తకం మార్జిన్లో పెన్సిలుతో రాసుకున్న సంఘస్థుల బాకీల లెక్క చూసి అక్కడే కూర్చుండిపోయా.

తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. నిజాం సర్కారు కాగితాలు 1884 దాకా ఫారసీలో, ఆ తర్వాత ఉర్దూలో నడిచాయి. కాబట్టి మీకు ఉర్దూ రాకపోతే, వచ్చిన ఒక స్నేహితుణ్ణి సంపాదించుకోండి, మామూలు ఉర్దూ వస్తే సరిపోదు, గొలుసుకట్టు షికస్తా రాత చదవగలిగినవాళ్ళు కావాలి. నాకు పాతబస్తీలో ఒక రిటైర్డు ఉర్దూ మాస్టారు దొరికారు. ఆయనకు నేనిచ్చిన ఫీజు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఒక పాత అర్జీ కాగితం చదివి, "బేటా, నీ పాదిరి మంచివాడే గానీ ఇక్కడ భూమి తగాదాలో అబద్ధం ఆడాడు" అన్నారు. ఆ రోజు నా రెండో నవలకు వెన్నెముక దొరికింది. మిషన్ రిపోర్టు ఒక్కటే చదివి ఉంటే ఆ పాదిరి ఇప్పటికీ పరిశుద్ధుడే.

అన్నిటికంటే ముఖ్యం సంఘం రిజిస్టర్లు. బాప్తిస్మం రిజిస్టరులో పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. "నర్సిగాడు" అనే పేరు కొట్టేసి "యోహాను" అని రాసిన ఆ ఒక్క సిరా గీత మీద ఒక అధ్యాయం రాయొచ్చు. అయితే ఫోన్ తీసి ఫొటోలు కొట్టకండి. ముందు అయ్యగారిని, అంటే ఆ సంఘం పాస్టరును కలిసి, ఎందుకో చెప్పి, కమిటీ పెద్దల అనుమతి తీసుకుని, అక్కడే కూర్చుని పెన్సిలుతో రాసుకోండి. నాకు ఒకచోట ఆరు నెలలు రిజిస్టరు చూపించలేదు, నేను ఆస్తి గొడవ కోసం వచ్చానని అనుకున్నారట. పాపం వాళ్ళ అనుమానంలో తప్పేం లేదు, చర్చి భూముల కథలు మనకు తెలియనివా.

ముసలమ్మలతో మాట్లాడేటప్పుడు "మీ సాక్ష్యం చెప్పండమ్మా" అని అడగొద్దు. అలా అడిగితే ప్రభువును ఎలా నమ్ముకున్నారో చెప్పే అలవాటైన సాక్ష్యమే వస్తుంది, నలభై ఏళ్ళుగా మైకులో చెప్పి చెప్పి నున్నగా అయినది. "అప్పట్ల క్రిస్మస్‌కు ఏం వండేటోళ్ళు అవ్వా? బోర్డింగు స్కూల్ల ఏం పెట్టేటోళ్ళు? దొరసాని కొట్టేదా?" అని అడగండి. దొరసాని కొట్టేదా అనగానే అవ్వ కళ్ళు మెరుస్తాయి, ఇక ఆపడం మీ వల్ల కాదు.

నేను చేసిన వెధవ తప్పు

నా మొదటి నవలలో 1898లో హీరో నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగుతాడు. అచ్చయిన నెలకు ఒక పెద్దాయన ఫోన్ చేశారు, రైల్వేలో పనిచేసి రిటైరైనవారు, మా మెట్టుగూడలో అలాంటివాళ్ళు ఎక్కువ. "బాబూ, మీవాడు గాల్లో దిగాడా?" అన్నారు. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది. కాచిగూడ 1916. 1898లో అయితే సికింద్రాబాద్‌లో దిగాలి, వాడి జంక్షన్ నుంచి ఆ లైను 1874లోనే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయా.

అప్పటి నుంచి గోడకు ఒక పెద్ద చార్టు. ఎడమవైపు ఇంగ్లీషు సంవత్సరం, దాని పక్కన ఫసలీ సంవత్సరం, ఎందుకంటే నిజాం రాజ్యంలో కాగితాలు ఫసలీలో ఉంటాయి, సుమారు 590 ఏళ్ళ తేడా. ఆ పక్కన మా పాత్రల వయసులు, కరువులు, వానలు, రైళ్ళు. డబ్బుకు ఇంకో గడి. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా చెలామణీ, బ్రిటిషు రూపాయిని కల్దార్ అనేవారు, ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దార్లు. మిషన్ నుంచి జీతం కల్దార్లలో వచ్చి ఊళ్ళో ఖర్చు హాలీలో అయితే మధ్యలో షావుకారు ఎంత మింగాడో మీ ఉపదేశి భార్యకు కచ్చితంగా తెలుసు, మీకూ తెలియాలి. ఇంకోటి, 1947 సెప్టెంబర్ 27కు ముందు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లేదు. 1930లో మెదక్ ఉపదేశి "మేము సి.ఎస్.ఐ. వాళ్ళం" అంటే ఆ పెద్దాయన మళ్ళీ ఫోన్ చేస్తారు.

ఎవరి నోట ఏ మాట

చాలామంది జారిపడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. మనలో ఒక్కో సంఘానికి ఒక్కో తెలుగు. బాప్టిస్టు "బాప్తిస్మం" అంటాడు, కథోలికుడు "జ్ఞానస్నానం" అంటాడు. ఒకరికి ఆరాధన, ఒకరికి పూజ. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు ఒకరికి శ్రమకాలం, ఒకరికి తపస్సు కాలం. పాత కథోలిక ప్రార్థనల్లో "సర్వేశ్వరుడు" వినిపిస్తాడు, ప్రొటెస్టెంట్ల ఇంట్లో "యెహోవా". గన్‌ఫౌండ్రీ కథోలిక ముసలమ్మ చేత "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అనిపిస్తే పుస్తకం అక్కడే మూసేస్తారు. అసలు ఆ మాట మన నోళ్ళలో పడింది ఈమధ్యే, మా నాయనమ్మ జీవితమంతా "వందనాలు" అనే అన్నది.

బైబిల్ వాక్యం కూడా అంతే. 1880 నాటి పాత్ర చేత మీ ఫోన్ యాప్‌లో ఉన్న సులభమైన అనువాదం చదివించకండి. ఆ కాలపు ప్రతి ఏదో వెతికి పట్టుకోండి, దొరక్కపోతే వాక్యం పూర్తిగా ఎత్తి రాయకుండా పాత్రకు సగం గుర్తున్నట్టు రాయండి, చదువు రాని మనిషికి సగమే గుర్తుండటం సహజం కూడా. పాటలకు తారీఖులు చూసుకోండి. క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890లో పోయారు, అంటే 1810లో జరిగే కథలో ఆయన కీర్తన పాడించలేరు, అప్పటికి ఆయనకు ఏడేళ్ళు.

దొర మాట ఇంకో తలనొప్పి. సినిమాల్లో లాగా "టుమ్ ఏమి చేస్టున్నావ్" అని రాస్తున్నారు ఇప్పటికీ. మిషనరీలు వచ్చీరాగానే మున్షీని పెట్టుకుని తెలుగు నేర్చుకునేవారు, పరీక్షలు రాసేవారు. అలా నేర్చిన తెలుగు వచ్చీరాని తెలుగులా ఉండదు, మరీ పుస్తకాల తెలుగులా ఉంటుంది. ఊరి జనం "ఏంది సారూ గట్లంటున్నవ్" అంటుంటే దొర "నీవు ఏల విచారించుచున్నావు" అంటాడు. నవ్వు అక్కడ పుడుతుంది, ఎవరినీ వెక్కిరించకుండా.

మెదక్ మనిషి మెదక్ తెలుగే మాట్లాడాలి, అందులో ఉర్దూ మాటలు పడాలి. మీకు ఆ యాస రాకపోతే వచ్చినవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు నవ్విన చోట గీత గీసుకోండి.

మార్పు సీను, కులం

మనలో ఎక్కువమంది నవల రాసేదే మార్పు సీను కోసం, అంటే పాత్ర క్రీస్తును నమ్మే సీను కోసం. అందులోనే నవల చచ్చిపోతుంది. మోకాళ్ళూనాడు, కన్నీళ్ళు కార్చాడు, వెలుగు వచ్చింది. ఇది సాక్ష్యం, నవల కాదు. నేనైతే ఆ క్షణాన్ని రెండు వాక్యాల్లో దాటేసి, మరుసటి సోమవారం ఏమైందో నలభై పేజీలు రాస్తా.

ఎందుకంటే అసలు కథ అక్కడ ఉంది. క్లౌ కొత్త విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలికే. మాదిగవాడలో నిలబడి ఆలోచించండి. ఆదివారం కోతకు రానంటే ఆసామి ఊరుకుంటాడా? జాతరలో డప్పు కొట్టనంటే ఏడాదికొచ్చే గింజలు ఎవరిస్తారు? చచ్చిన పశువును తీయడం వాళ్ళ కులవృత్తి, కరువులో ఆ మాంసం వాళ్ళ తిండి, అది వద్దంటే ఆ రాత్రి పొయ్యి మీద ఏముంటుంది? డప్పు గోడకు తగిలించేసిన తండ్రి, రాత్రి ఎవరూ చూడనప్పుడు వేళ్ళతో దాని మీద మెల్లగా తడుతుంటే నిద్రపోనట్టు పడుకుని వినే కొడుకు, ఇది నా రెండో నవలలో సీను, దానికొచ్చినన్ని ఫోన్లు మిగతా పుస్తకం మొత్తానికి రాలేదు.

కులం పేరు దాటేయకండి. "పేదవారు", "అణగారినవారు" అని మెత్తగా రాస్తే మాలలూ మాదిగలూ మాయమైపోతారు, వాళ్ళ మధ్య ఉన్న తగాదాలూ మాయమైపోతాయి, ఒకే క్రీస్తును నమ్మి వేరువేరు బావుల్లో నీళ్ళు తోడుకున్న సంగతీ మాయమైపోతుంది. చర్చిలో కులం గురించి రాస్తే మీ సంఘంలోనే కొందరు మొహం తిప్పుకుంటారు. నాకు అది జరిగింది, రెండు క్రిస్మస్‌లు పట్టింది మళ్ళీ మామూలవడానికి.

"కూటి కోసం మతం మారారు" అనే మాటను తప్పించుకోకుండా కథలోకి తెచ్చుకోండి. ఆ అనుమానం క్లౌకే ఉండేది, అందుకే 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే పని ఇప్పిస్తున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపేసినా జనం ఎందుకు ఎదురుచూశారు? దీనికి మీ పాత్రలు ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పాలి, కొందరి జవాబు నిజంగానే కూడు అయి ఉండాలి. ఆకలేసినవాడు అన్నం పెట్టిన చేతిని నమ్మడం అంత తప్పేం కాదు కదా.

ఇక రాయడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొద్దున్నే లేవండి, రోజుకు ఒక పేజీ, ఆదివారం సెలవు, క్లౌ నియమం ప్రకారం. మీరు కష్టపడి సేకరించిన సమాచారంలో పదోవంతు కూడా నవలలో కనబడకూడదు. బతికున్న కుటుంబాల తాతల పేర్లు మార్చండి, నిజం పేరే పెట్టాలంటే ఇంటికెళ్ళి కూర్చుని చదివి వినిపించండి. మిషనరీల పాత పుస్తకాల్లోంచి పేరాలు ఎత్తుకోవాల్సి వస్తే మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి, ఆ లెక్క చూసుకోండి.

అచ్చు, అమ్మకం

సాహిత్య సభల్లో నన్ను "ఇది ప్రచార నవలా?" అని అడుగుతారు. చర్చిలో "ఇందులో ప్రభువు ఎక్కడున్నాడు బ్రదర్?" అని అడుగుతారు. రెండు ప్రశ్నలూ ఒకే పుస్తకానికి వస్తే మీరు బాగానే రాసినట్టు. గుర్రం జాషువా క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, కాబట్టి క్రీస్తు పేరుంటే సాహిత్యం కాదనేవాళ్ళకు ఆ ఒక్క మాట చెప్పి ఊరుకోండి, వాదన పెంచొద్దు.

ఎక్కువమందిమి సొంత ఖర్చుతోనే వేసుకుంటాం. మొదటిసారి 500 కాపీలు దాటొద్దు, నావి అమ్ముడవడానికి మూడేళ్ళు పట్టింది, అప్పటిదాకా మంచం కింద అట్టపెట్టెలు. ఐ.ఎస్.బి.ఎన్., అంటే పుస్తకం గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, ఎవరైనా దానికి డబ్బులడిగితే పక్కకు తప్పుకోండి. మీరు యూనికోడ్‌లో టైపు చేస్తే, డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. నాది ఒకచోట "క్రీస్తు" కాస్తా "కీస్తు" అయింది, అదీ మొదటి పేజీలో. ప్రూఫులు కాగితం మీద, మూడుసార్లు, మూడోసారి మీ ఇంట్లోవాళ్ళ చేత చూపించండి.

షాపుల్లో కాచిగూడ చౌరస్తా దగ్గర నవోదయ లాంటి చోట ఉంటే సాహిత్యం చదివేవాళ్ళ కంట పడుతుంది. కమీషన్ పోను చేతికి తక్కువే, అయినా పెట్టండి. డిసెంబర్ ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌లో సొంతంగా స్టాల్ తీసుకునే బదులు ఇంకో ఇద్దరు ముగ్గురు రచయితలతో కలిసి బల్ల పంచుకోండి. అయితే నా పుస్తకాలు ఎక్కువ అమ్ముడైంది చర్చి ఆవరణల్లోనే. ఆరాధన అయ్యాక, చాయ్ టేబుల్ పక్కన, క్యూఆర్ కోడ్ అట్టముక్క పెట్టుకుని. ముసలివాళ్ళకు అక్షరాలు చిన్నవి, కొడుకులకు తీరిక లేదు, కోడళ్ళు కొంటారు, ఎందుకో తెలియదు గానీ కోడళ్ళే కొంటారు. క్రిస్మస్‌కు బల్ల వేసుకోవాలంటే అయ్యగారిని సెప్టెంబర్‌లోనే అడగండి, నవంబర్ వచ్చేసరికి ఆ జాగా కేకులవాళ్ళు తీసేసుకుంటారు.